అందరూ గురువారం పుట్టిన ఇల్లు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. కావాలంటే తుంగభద్రలో పీకల్లోతు నీళ్లలో నిలబడి చెప్పమన్నా చెబుతాను. ఎనభైల చివర, ఆ రోజుల్లో ఆదోనిలో కంప్యూటరంటే చెప్పులు బయట విడిచి చూడాల్సిన వస్తువు (నిజంగానే విడిచేవాళ్లు). ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పుట్టి, ఎలాగో సి భాష నేర్చుకొచ్చిన నన్ను ఒక పత్తి సావుకారు కొలువులో పెట్టుకున్నాడు. షరతు ఒక్కటే. మంత్రాలయం నుంచి వాళ్ల పురోహితుడు ఆచార్లు వచ్చి మిషన్‌ను పరీక్షించాలి; తేదీ చెబితే అది ఏ వారమో చెప్పాలి. తప్పిందా, మిషన్ హైదరాబాదుకు, నేను మా నాయన మగ్గం గుంతలోకి.

ఆచార్లు వచ్చి, పీట వేయించుకుని కూర్చుని, తాను పుట్టిన ఇంగ్లీషు తేదీ చెప్పాడు. కొట్టాను. గురువారం అని వచ్చింది. "మంత్రాలయం రాయరు వారం," అని ఆయన కళ్లు మూసుకున్నాడు. సావుకారు తనది చెప్పాడు. గురువారం. భార్యది చెప్పాడు. అదీ గురువారమే.

"ఏమప్పా, ఇంటిల్లిపాదీ బేస్తవారమే పుట్టినామా?" అన్నాడు సావుకారు.

తప్పెక్కడుందో ఆ క్షణంలోనే తెలిసిపోయి నా చొక్కా వీపుకు అంటుకుంది. సి భాషకు కాలం డెబ్భయ్యో సంవత్సరం జనవరి ఒకటిన మొదలవుతుంది. అక్కణ్నుంచి సెకన్లు లెక్కపెట్టడమే దాని పంచాంగం. అంతకుముందు పుట్టినవాళ్ల తేదీ ఇస్తే నా దగ్గరున్న కంపైలర్ (సి భాషను మిషన్‌కు తర్జుమా చేసే దుబాసీ) 'నాకు చేతకాదు' అనడానికి గుర్తుగా మైనస్ ఒకటి ఇచ్చేది. నేను దాన్నీ ఒక తేదీ అనుకుని తెర మీద వేయించాను. మైనస్ ఒక సెకనంటే ఆ జనవరి ఒకటికి ఒక్క సెకను ముందు, లండన్ లెక్కన బుధవారం ఆఖరి క్షణం. మన దేశానికని అయిదున్నర గంటలు కలిపితే గురువారం తెల్లవారుజాము. (ఆ కలపడం కూడా నా తెలివే.)

"మిషన్ సెప్పింది సరే. మీరు సెప్పండి సామీ, నిజమేనా?" అని సావుకారు ఆచార్లను అడిగాడు.

ఆచార్లు నా మొహం చూశాడు. తెర మీది గురువారాన్ని ఇంకాసేపు చూశాడు. "నిజమే. పిల్లోణ్ణి ఉంచుకోప్పా," అన్నాడు.

సంచి మోసుకుంటూ ఆయన్ను బస్టాండుకు సాగనంపాను. "నేను పుట్టింది శనివారం, నాయనా," అన్నాడు బస్సెక్కుతూ. "పంచాంగం చూసేవాణ్ణి, నాకు తెలీదా? బేస్తవారం పుట్టుంటే బాగుండునని చిన్నప్పట్నుంచీ ఆశ. నీ మిషన్ ఇస్తాంటే వద్దనేదానికి నోరు రాలే."

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. తప్పు అక్కడే తెలిసిందనీ, చొక్కా అంటుకుందనీ రాశాను చూడండి, అది నా కల్పన. బస్టాండులో ఆయన చెప్పేదాకా నాకేమీ తెలియదు. ముందు రోజే నా తేదీ కొట్టి చూసుకుని, నేనూ గురువారమే పుట్టానని మా అమ్మకు చెప్పి పాయసం చేయించుకున్నాను. ఆ పాయసం మాత్రం నిజం. అంత ధీమాతో ఆ తర్వాత మరో ప్రోగ్రాము రాయలేకపోయాను.