బావగారి ఎర్ర నాబ్

మా బావకి కాదనడం చేతకాదు. ఔనన్న పని చేయడం అంతకన్నా చేతకాదు. ఎవరు ఏం మార్చమన్నా "సరే" అంటాడు. అంటూనే ఎర్ర నాబ్ తిప్పుతాడు. ఆ నాబ్ దేనికీ కలిపి ఉండదు.

బావంటే మా అక్క మొగుడు. సంగీతం ఆయన వృత్తి, కానీ పక్కన వాద్యగాళ్లు ఒక్కరూ ఉండరు. ఇంట్లో వెనక గది నిండా మెషిన్లే. సింథసైజర్ స్వరాలు పలుకుతుంది, డ్రమ్ మెషిన్ దరువేస్తుంది, రెండూ పేచీ పడకుండా మిక్సర్ పెద్దరికం చేస్తుంది. వీటి మధ్య పాకే వైర్ల మీద పెత్తనం నాది. సెలవు దొరికితే చాలు, ఆ చిక్కులు విప్పుతూ కూర్చుంటాను. కొత్తవాళ్లు ఆ గదిలోకి వస్తే ముందు బోర్లా పడి, తర్వాత నమస్కారం చేస్తారు.

ఈ సరంజామాకంతా నడిమధ్యన ఎర్ర డబ్బా. ఏదో చచ్చిపోయిన మెషిన్ తాలూకు ఖాళీ పెట్టె అది. దాని మీద అరచేయంత నాబ్, అక్క గోళ్ల రంగు పూసుకుని ధగధగలాడుతూ ఉంటుంది. తిప్పితే చిన్న లైటు వెలుగుతుంది. దాని ప్రతిభ అంతటితో సరి. ఎత్తినవాళ్లకి అనుమానం రాకుండా లోపల ఒక ఇటుక కూడా పెట్టాడు మహానుభావుడు.

ఒకసారి పరుపుల వ్యాపారి తన ప్రకటన పాట ఎలా వచ్చిందో వినడానికి వచ్చాడు.

"బాగానే ఉంది గానీ, పరుపు మెత్తదనం రావట్లేదండీ."

"ఎంత మెత్తగా కావాలి?"

"మా ఖరీదైన రకం అంత."

"సరే," అని బావ ఎర్ర నాబ్ తిప్పాడు. అదే పాట మళ్లీ మోగింది. వ్యాపారి కళ్లు మూసుకున్నాడు.

"ఆ... ఆ... చాలు చాలు! మరీ దిగబడిపోతోంది!"

బావ ముఖంలో ఒక్క గీత కదలకుండా నాబ్ కాస్త వెనక్కి తిప్పాడు. నేను నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తబోయి వైర్లలో పడ్డాను.

కచేరీల్లోనూ ఇదే తంతు. హాలు మేనేజరు లబోదిబోమంటూ వచ్చి "అదురుకి కిటికీలు ఊడొస్తున్నాయి, తగ్గించండి" అంటే, సరే, ఇటు ఒక తిప్పు. వెనక వరసలోంచి ఇంకొకాయన వచ్చి "ఏమీ వినపడట్లేదు, పెంచండి" అంటే, సరే, అటు ఒక తిప్పు. ఇద్దరూ సంతోషంగా వెళ్లి పక్కపక్కనే నిలబడేవారు.

అక్కకి మాత్రం ఇది బొత్తిగా నచ్చేది కాదు.

"ఎందుకండీ పాపం, వాళ్లని వెర్రివాళ్లని చేస్తారు?"

"వాళ్లకి కావలసింది మార్పు కాదే. వాళ్ల మాట వినే మనిషి."

"ఓహో. కూరలో ఉప్పు తక్కువైందని మీరంటే నేనూ ఉత్తి గరిటె తిప్పి ఊరుకోనా?"

"సరే," అన్నాడు బావ.

ఇంతకీ ఆ మెషిన్ల మధ్య ప్రాణమున్నది ఒక్క అక్క గొంతుకే. బావ కచేరీల్లో పాడేది ఆవిడే. అలాంటి గొంతుకి ఆపరేషన్ అయింది. మెల్లగా అదే కోలుకుంటుందన్నాడు డాక్టరు. మాట వచ్చింది, పాటా వచ్చింది. జనం ఏరికోరి అడిగే పాటలో చివరి చరణం దగ్గర ఒక పై స్వరం మాత్రం రాలేదు. ఎన్నిసార్లు పాడినా అక్కడికి వెళ్లి చతికిలబడేది.

"శ్రుతి కొంచెం దించుకుందాంలే," అన్నాడు బావ.

అక్క కళ్లెర్రజేసింది. "నా మీద జాలిపడి శ్రుతి దించారో, మైకు అక్కడే పడేసి వచ్చేస్తాను. ఇక జన్మలో పాడను. ఈసారి కచేరీలో ఆ స్వరం అందకపోయినా అంతే."

"సరే," అన్నాడు బావ. అక్క పంతం సంగతి నాకు తెలుసు. అన్నదంటే చేస్తుంది. పాడటం మానేస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికే నాకు భయమేసింది.

కచేరీ రోజున సామాను దించుతూ ఎర్ర డబ్బా ఎత్తాను. తేలిగ్గా వచ్చేసింది.

"ఇటుకేదీ బావా?"

"నీ నడుం మీద జాలేసి తీసేశాను."

ఆ పాట వంతు వచ్చింది. అక్క గటగటా నీళ్లు తాగింది. బావ వైపు తిరిగి, భయాన్ని నవ్వులో దాచుకుంటూ, "ఏమండీ, ఆ దిక్కుమాలిన నాబ్ నాకూ ఒకసారి తిప్పండి, ధైర్యానికి," అంది.

"సరే," అని తిప్పాడు. అలవాటు కొద్దీ నేను కిసుక్కున నవ్వాను.

పాట మొదలైంది. నా నవ్వు ఆగిపోయింది. ఎన్నోసార్లు విన్న పాట కదా, శ్రుతి దిగిందని నా మొద్దు చెవులకి కూడా తెలిసింది. వంగి చూస్తే ఎర్ర డబ్బా వెనక నుంచి సన్నటి నల్ల వైరు సింథసైజర్‌లోకి వెళుతోంది. ఇటుక ఉన్న చోట ఇప్పుడు నిజమైన సర్క్యూట్ ఉందన్నమాట. నేను నోరు తెరవబోతుంటే బావ నా కాలు తొక్కాడు.

భయంలో ఉన్న అక్కకి తేడా తెలియలేదు. చివరి చరణానికి వచ్చింది. ఆ స్వరాన్ని అందుకుంది. అందుకుని అక్కడే హాయిగా నిలబడింది. బావ మెషిన్ల వంక చూడటం మానేసి ఆవిడ వంకే చూస్తున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

వైర్లు చుడుతూ గుసగుసగా అడిగాను. "శ్రుతి దించొద్దంటే సరే అన్నావుగా బావా?"

"నేను సరే అంటే ఏమవుతుందో పెళ్లైన దగ్గర్నుంచీ చూస్తూనే ఉందిగా మీ అక్క."

ఆ తర్వాత ప్రతి కచేరీకీ బావ నాబ్‌ని రవ్వంత తక్కువ తిప్పుతూ వచ్చాడు. అక్క గొంతు రవ్వంత పైకెక్కుతూ వచ్చింది. చివరికి శ్రుతి మామూలు చోటికి చేరింది. బావ నల్ల వైరు పీకి నా చేతిలో పెట్టాడు.

ఆ వారంలోనే ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. అక్క మంచి హుషారుగా ఉంది.

"చూశావురా, పట్టుదలంటే అదీ! అందదేమోనని మీరంతా హడలిపోయారు. మొదటి కచేరీకే అందుకున్నాను. ఎవరి సాయమైనా తీసుకున్నానా?"

"లేదక్కా."

"మీ బావా ఉన్నారు, ఎందుకూ! ఇన్నేళ్లుగా ఆ ఉత్తి డబ్బాతో కాలక్షేపం. ఏమండీ, ఒక్కసారంటే ఒక్కసారైనా దాన్ని ఎవరికన్నా పనికొచ్చేలా చేయకూడదూ?"

నాకు పొలమారింది. బావ నా ముందుకు నీళ్ల గ్లాసు జరిపి, అక్క వైపు తిరిగి, "సరే," అన్నాడు.