టోకెనమ్మ, ముగ్గురు వదినలు

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. అందరికీ టోకెనమ్మే. పద్దెనిమిదేళ్ళుగా కంటి డాక్టరు గది గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నంబర్లు కేకేయడం ఆమె ఉద్యోగం. పొద్దున గంటలా మోగే గొంతు మధ్యాహ్నానికి చిరిగిన గోనెసంచి అయ్యేది. ఇంకో ఏడాది ఇలాగే అరిస్తే మాట పూర్తిగా పోతుందని పై అంతస్తులో గొంతు డాక్టరు తేల్చేశాడు.

అదే నెలలో మేనేజరు, నంబర్లు చూపించే బోర్డు ఒక కంపెనీ నుంచి తెప్పిస్తున్నామన్నాడు. బోర్డు వస్తే కుర్చీ పోతుంది. ఆమె రెండు రోజులు ఆలోచించి, ఆ బోర్డేదో తానే చేస్తానని, మూడు నెలలు గడువిమ్మని అడిగింది. మేనేజరు నవ్వలేదు. చేయగలిగితే దాని బాధ్యత కూడా నీదే అన్నాడు.

కంప్యూటర్లు చూసే సిస్టమ్ సారు లెక్క చెప్పాడు. టోకెన్ల వివరాలు దాచడానికి ఎస్‌క్యూఎల్, ఎవరి తర్వాత ఎవరో తేల్చడానికి పైథాన్, తెర మీద చూపడానికి జావాస్క్రిప్ట్, ఈ మూడు కంప్యూటర్ భాషలూ రావాలి. ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకోమన్నాడు. అంత వ్యవధి ఎక్కడిది? మూడూ ఒకేసారి మొదలుపెట్టింది.

మొదటి నెలంతా కలగాపులగం. ఒకదానికి చెప్పాల్సింది ఇంకోదానికి చెప్పేది. తెర నిండా తప్పులే. అప్పుడామెకు పుట్టింట్లో ఉన్న ముగ్గురు వదినలు గుర్తొచ్చారు. పెద్దవదినకు ఏం కావాలో చెబితే చాలు, ఎలా తేవాలో ఆమే చూసుకుంటుంది. అది ఎస్‌క్యూఎల్. నడిపి వదినకు వరస తప్పకుండా, ఎడం పాటించి చెప్పాలి, లేకపోతే మూతి ముడుస్తుంది. అది పైథాన్. చిన్నవదిన ఏం చెప్పినా సరేనంటుంది, తర్వాత ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. అది జావాస్క్రిప్ట్. నోటుపుస్తకంలో పేజీకి మూడు గళ్ళు గీసి, ఏ చిన్న పనైనా ముగ్గురికీ పక్కపక్కనే రాయసాగింది.

"ఉన్న వదినలకి ఫోన్ చెయ్యడానికే నీకు తీరికుండదు. మళ్ళీ ఇంకో ముగ్గుర్ని తెచ్చుకున్నావా?" అంది అత్తగారు. అంటూనే వంటింటి బల్ల మీద గిన్నెలు తీసేసి చోటిచ్చింది.

గడువు చివరి వారం, సోమవారం బోర్డు పెట్టారు. ఒకటో నంబరు ఎర్రగా వెలిగింది. ఎవరూ లేవలేదు. రెండు వెలిగింది. అప్పుడూ అంతే. బెంచీల మీద నలభై మంది తలలు వెనక్కి వాల్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, ఇవాళ నోరు నొప్పా? ఎవర్నీ పిలవట్లేదేం?" అంది ముందు వరసలోని పెద్దావిడ.

"బోర్డు మీద వస్తోంది పెద్దమ్మా, చూడండి."

"కళ్ళల్లో చుక్కలేశారుగా తల్లీ. నీ మొహమే మసగ్గా ఉంది, ఇంక బోర్డేం కనబడుతుంది?"

బెంచీలన్నీ నవ్వాయి. పద్దెనిమిదేళ్ళు ఆ చుక్కల మధ్యే బతికి, చుక్కలు వేసుకున్నవాళ్ళు చదవడానికి బోర్డు చేసింది. శుక్రవారం దాకా చూస్తానన్నాడు మేనేజరు. సిస్టమ్ సారు తల గోక్కుని, ఎస్‌క్యూఎల్ తప్ప మిగతా రెండూ తనకు అంతంతమాత్రమేనని ఒప్పుకున్నాడు.

ఆమెకు మాత్రం ముగ్గురితోనూ మాట కలిసింది. ఇంటికెళ్ళి మూడు గళ్ళ పైన 'చూపించడం కాదు, పిలవాలి' అని రాసుకుంది. ఏ నంబరుకు ఏ పలుకో పెద్దవదిన దాచాలి, నడిపి వదిన వరస చూసి అందించాలి, చిన్నవదిన పలికించాలి. మర్నాడు పొద్దున్నే కిటికీలు మూసి, ఒకటి నుంచి నూరు దాకా నెమ్మదిగా ఫోన్లోకి చదివింది. నలభై ఏడు దగ్గర అత్తగారు దగ్గడంతో అది మళ్ళీ చదవాల్సొచ్చింది. గురువారం చిన్నవదిన తన గుణం పోనిచ్చుకోక రెండు నంబర్లు ఒకేసారి పిలిచింది. ఒకటి అయ్యాకే ఇంకోటని గట్టిగా చెప్పాక దారికొచ్చింది.

శుక్రవారం పొద్దున "ఒకటో నంబరు, లోపలికి రండి" అని ఆమె గొంతే, చిరగని గొంతు, గోడ మీంచి పిలిచింది. ఒక పెద్దాయన తడుముకుంటూ లేచాడు. ఇన్నేళ్ళలో ఎవరినీ గుమ్మం దాకా నడిపించే తీరిక దొరకలేదామెకు. ఇవాళ లేచి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం మేనేజరు వచ్చి, ఇలాంటిదే పైన చెవి డాక్టరు దగ్గరా కావాలన్నాడు.

"చేస్తానండీ. కానీ వాళ్ళకి వినబడదు కదా," అందామె. "ముందు ఒకరోజు ఆ బెంచీ మీద కూర్చుని వస్తాను."