మన దిక్కు ఏర్పోర్టు

శంషాబాద్ ఏర్పోర్టును మా పాలమూరోళ్ల సౌకర్యం కోసమే కట్టిన్రని మొన్నమొన్నటి దాకా నాకు గట్టి నమ్మకం. వనపర్తిల బస్సెక్కి జడ్చర్ల దాటి కునుకు తీస్తే, పట్నం పొగ ముక్కుకు తగలకముందే విమానాల తోకలు కనపడతయి. ఇంత మర్యాద ఇంకే జిల్లాకు దక్కింది?

దీనికి తోడు మా దిక్కు మనుషులకు ఒక పద్ధతున్నది. పట్నంల ఏ మూలకు పనున్నా సరే, మా తొవ్వల ముందుగాల ఏ స్టాపొస్తే ఆ స్టాపుల దిగుడే. దవాఖాన సికింద్రాబాద్‌ల ఉండనీ, పెండ్లి ఉప్పల్ అవతల ఉండనీ, ఆరాంఘర్ రాంగనే సంచులు భుజానికేసుకొని బిలబిల దిగుతం. దిగినంక కదా ఎటు పోవాలెనని అడిగేది. మా లెక్కల పట్నానికి నడిబొడ్డు ఉండదు, మా ఊరికి దగ్గరి కొస ఉంటది, అంతే.

నేను ఈ పద్ధతిని బొంబాయి దాకా తీస్కపోయిన.

నా చెల్లె బొంబాయిల ఉంటది. పెద్దమందడి పిల్లగానికిచ్చి చేసినం. మా బావ బిల్డింగుల మేస్త్రీ. ఆయన నిలబెట్టిన అంతస్తులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చంద్రుని గడప తగులుతదని నేను అందరికి చెప్తుంట. పెండ్లయిన చాన్నాళ్లకు, దేవుళ్లందరు చేతులెత్తేసినంక, ఒక కొడుకు పుట్టిండు. వాళ్ల బస్తీల మన పాలమూరు కూలిజనం కట్టుకున్న చిన్న ఎల్లమ్మ గుడి ఉన్నది. పుట్టెంటికలు ఆడనే తీపిస్తమని మొక్కుకున్నరు.

పుట్టెంటికలు అంటే మేనమామ లేకుంటే నడవదు. పిల్లగాన్ని ఒడిల కూసోబెట్టుకొని మూడు కత్తెర్లు మేనమామ వెయ్యాలె, ఆ తర్వాతనే మంగలి కత్తి పట్టాలె. అప్పటిదాక ఇస్తరాకుల మెతుకు పడదు. ఆ మేనమామను నేనే, ఒక్కగానొక్క అన్నను.

చెల్లె ఫోన్ చేసి పద్ధతిగ పిలిచింది. "బస్సుకు రా అన్నా. మన దిక్కు బస్సు మా గల్లీ మొదట్లనే ఆగుతది. పొద్దుగాల దిగితే స్నానం చేసి టిఫిన్ తిని కూసోవచ్చు."

"బస్సేంది? మేనమామ ఇమానం దిగి రావాలె. మీ అత్తకు జర తెల్వాలె మనమెవరో."

"ఎట్లనన్న రా అన్నా, వస్తే చాలు. మా అత్త ఎప్పటికి అంటనే ఉంటది, మీ అన్న ఫోన్లనే మేనమామ అని."

ఆ మాట నాకు ముల్లు లెక్క గుచ్చుకోవాలె. గుచ్చుకోలేదు. విమానమెక్కే సంబురం అంత మందంగ పట్టింది నా తోలుకు.

మర్నాడు పొద్దున ఛాయ్ హోటల్ కాడ ఉపన్యాసం మొదలువెట్టిన. బొంబాయికి ఇప్పుడు రెండు ఏర్పోర్టులని, మామూలు మనుషులు కండ్లు మూసుకొని పాతదాండ్ల దిగుతరని, తెలివున్నోడు ఎంచుకుంటడని. సాసర్ల ఛాయిల వేలు ముంచి బల్ల మీద బొంబాయి గీసిన. "ఇగో, ఇది వనపర్తి. మన బస్సు పోయే తొవ్వల ముందు పన్వేల్ వస్తది. కొత్త ఏర్పోర్టు ఆ పక్కకే, మన దిక్కుకు. పాతది నీళ్లు దాటినంక ఎక్కడనో ఆ కొసకు. మన దిక్కుది ఉండంగ ఆ దిక్కుకెందుకు పోవాలె?"

విన్న నలుగురు తలలూపిన్రు. అందరు ఆరాంఘర్‌ల దిగేటోళ్లే కదా, నా మాటల తప్పు ఎట్ల దొరుకుతది? ఒక్క హోటలాయన మాత్రం అడిగిండు. "మరి చెల్లె ఇల్లు ఏ దిక్కుకు పటేలా?"

"బొంబాయిల" అని చెప్పిన.

ఆయన గుడ్డ తీసి బొంబాయిని ఒక్క తుడుపు తుడిచి పోయిండు.

ఇంట్ల నా భార్య కూడ ఒకమాట అన్నది. "టికెట్ తీసేముందు అన్నను అడుగరాదు? ఆడుండేటాయన కదా." మా బావ ఆమెకు వరసకు అన్న.

"ఇమానాల సంగతి మేస్త్రీనడుగుడేంది" అని పోను రాను రెండు టికెట్లు కొత్త ఏర్పోర్టుకే తీసిన. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు కాలుతున్నయి.

దిగినం. ఏమి ఏర్పోర్టది. స్తంభాలు చూస్తే దేవలోకంల ఎవరిదో పెండ్లికి పందిరేసి విప్పుడు మర్చిపోయినట్టుంది. నేల మీద మొకం చూసుకొని తల దువ్వుకోవచ్చు, దువ్వుకున్న కూడ. నా భార్యను స్తంభానికోసారి నిలవెట్టి ఫోటోలు తీసి, వనపర్తిల తెలిసినోళ్లందరికి, తెల్వనోళ్లకు కొందరికి పంపిన.

అప్పుడు బావ ఫోన్ చేసిండు.

"బావా, దిగిన్రా? నేను బయటనే నిలబడ్డ. మీరు కనపడ్తలేరు."

పూజ వదిలిపెట్టి మమ్మల్ని తోల్కపోనీకి వచ్చిండు. నాకు గుండె నిండింది. "మేము కూడ బయటనే ఉన్నం బావా. తామరపువ్వు లెక్క ఉన్న స్తంభం పక్కన."

"తామరపువ్వా?"

"పెద్దది."

అవతల కార్ల హారన్లు మోగుతున్నయి. బావ మెల్లగ అడిగిండు. "బావా, మీరు కొత్తదాండ్ల దిగిన్రా?"

"అవ్, మన దిక్కుది."

"నేను పాతదాని కాడున్న బావా." ఆయన గొంతుల కోపం లేదు, అదే నన్ను చంపింది. "ఆడనే ఉండున్రి, నేనొస్త. లేదు, ఉండకున్రి. పన్నెండు దాటుతది, ముహూర్తం మించుతది. కారు మాట్లాడుకొని నేరుగ ఇంటికే వచ్చేయున్రి. చెల్లె అడ్రస్ పంపుతది."

అడ్రస్ వచ్చింది. కారు డ్రైవరుకు చూపించిన. ఆయన ఫోన్ చూసి నన్ను చూసిండు, మళ్ల ఫోన్ చూసిండు. "విరార్?" అని అడిగిండు, ఏడు సముద్రాల అవతల దీవి పేరు పలికినట్టు.

విరార్ అంటే బొంబాయికి ఉత్తరం కొస. మేము దిగింది తూర్పు దక్షిణపు కొస. నడుమ బొంబాయి మొత్తం అడ్డం పండుకొని ఉన్నది, మాకోసం పక్కకు జరిగే ఉద్దేశం దానికి ఏమాత్రం లేదు. థానే దాటినంక ఒక ఘాట్ రోడ్డొచ్చింది. ఆ రోడ్డు మీద లారీలు నిలబడి నిలబడి వేర్లు పారినయేమో అనిపించింది. మా ముందటి లారీ వెనుక రాసిన అక్షరాలు మరాఠీ రాని నాకు కూడ నోటికొచ్చినయి.

చెల్లె పదే పదే ఫోన్ చేసుడు. "యాడిదాక వచ్చిన్రు అన్నా?" నేను కనపడ్డ బోర్డల్లా చదివి చెప్పుడు. "దగ్గరికొచ్చినం చెల్లె." ఆమెకు ఆ బోర్డులు తెలుసు. "ఆ, దగ్గరనే" అనేది, ఎవరో పక్కన వింటున్నట్టు కొంచెం గట్టిగ. పన్నెండు దాటినంక ఫోన్లు బందైనయి. నేనే చేసిన. ఎత్తలేదు. నా భార్య కిటికీల నుంచి బయటికి చూస్తున్నది. ఆమె ఒక్కమాట తిట్టినా నాకు ఊపిరాడుతుండె.

గల్లీల కారు దిగేసరికి ఎండ పడమటికి వాలింది. గుడి ముందల షామియానా. దాని కింద ఉత్త ఇస్తరాకులు ముందలేసుకొని జనం కూసున్నరు. పాలమూరు జిల్లా మొత్తం పస్తులుండి నాకోసం చూస్తున్నట్టే ఉన్నది. పూజారి రెండో ముహూర్తం ఒకటి వెతికి అది గూడ అయిపోతుందని గడియారం చూస్తుండు. మంగలాయన గుడి మెట్టు మీద నిద్రపోతుండు. అన్నం గుండిగ మీద బట్ట కప్పి ఉన్నది, ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది.

చెల్లె అత్త ఎదురొచ్చి నీళ్ల చెంబు చేతికిచ్చింది. "కాళ్లు కడుక్కో నాయినా. బొంబాయంత చూసొచ్చినట్టున్నవ్."

కడుక్కుంటుంటే ఇంకో మాట అన్నది, ఈసారి గొంతు తగ్గించి. "ముహూర్తం మించుతుందని పిల్లగాని పెదనాయిన కత్తెర పట్టిండు. నీ చెల్లె పిల్లగాన్ని ఇడువలేదు. మా అన్న వస్తుండు, దగ్గరనే ఉన్నడని ఒకటే మాట."

నేను లారీ వెనుక అక్షరాలు చదువుతున్నప్పుడు నా చెల్లె ఇంతమంది ముందల కొడుకును పట్టుకొని నిలబడ్డది.

పిల్లగాన్ని నా ఒడిల కూసోబెట్టిన్రు. ఆకలికి ఏడ్చి ఏడ్చి వాని మొకం ఉడికిన చామగడ్డ లెక్కయింది. నన్ను చూసి కొత్తమనిషి అని ఇంకో రాగం ఎత్తుకున్నడు. వాని తప్పు లేదు, వానికి నేను ఫోన్ల కనపడే మనిషిని. మూడు కత్తెర్లు వేసిన. మూడోది సగమే తెగింది. ఎవరు నవ్వలేదు. అందరి కండ్లు అన్నం గుండిగ మీదున్నయి.

వాని గుండు అయినంక బంతిల కూసున్న. చెల్లె వడ్డిస్తున్నది. పప్పు పోసి, నా ముందల్నే గొంతుక్కూసొని, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది.

"అన్నా, మా ఇల్లు యాడుంటదో నీకు తెల్వదా?"

నాకు జవాబులకు కరువు లేదు. అంత్యక్రియల కాడ గూడ నలుగురిని నవ్విస్తనని వనపర్తిల పేరున్నది. ఈసారి పప్పుల వేలు తిప్పుకుంట కూసున్న. ఇన్నేండ్లల్ల ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసింది, నేను ఎన్ని జోకులు చెప్పిన. ఒక్కసారన్న, నువ్వుండేది ఏ పక్కకు బిడ్డా, కిటికీల నుంచి ఏం కనపడతదని అడిగిన్నా?

"అన్నం కలుపుకో" అని లేచి పక్క ఇస్తరికి పోయింది.

నా భార్య చెవి కాడికి వంగింది. "ఒక గంటల లేవాలె. తిరుగు ఇమానం గూడ ఆడి నుంచే కదా."

ఆ సంగతి మర్చేపోయిన. పిల్లగాడు, కొత్త గుండు చందనం వాసనతోని, ఏడ్చి అలసి, మళ్ల నా తొడ మీదికే వచ్చి నిద్రపోయిండు. "ఇమానం పోనీ" అని చెప్పిన. బావ విని, టికెట్ దండగ కదా బావా అన్నడు.

ఆ రాత్రి ఉన్నం. పొద్దున లేచి వాళ్ల కిటికీల నుంచి చూసిన. నీళ్ల ట్యాంకు, రైలు పట్టాలు, బట్టలారేసిన తీగలు. చెల్లె పక్కన నిలబడి ఏది ఏందో చెప్పింది. నేను విన్న.

పగటీలి బస్సు నిజంగనే గల్లీ మొదట్ల ఆగింది. బావ సంచులెక్కించిండు, చెల్లె సద్ది గట్టింది. మళ్ల బొంబాయి మొత్తం ఈ కొస నుంచి ఆ కొసకు దాటినం. పొద్దు వాలుతుంటే పన్వేల్ పక్కన పెద్ద బోర్డొచ్చింది, దాని మీద విమానం బొమ్మ, బాణం గుర్తు.

నా భార్య మోచేత్తోని పొడిచింది. "ఇగో, మన దిక్కు ఏర్పోర్టు. దిగుతవా?"

ముందటి సీట్ల పెద్దమందడి కూలీలిద్దరు వెనక్కి తిరిగి నన్ను చూసిన్రు. నిన్న బంతిల నా ఎదురుంగ కూసున్నోళ్లే. నేను కిటికీ కర్టెన్ మొకానికి అడ్డం లాక్కున్న.