డెబ్బై తొమ్మిది తర్వాత ఎనభై ఒకటి

అంకెల బాబాయికి అక్షరాలు అచ్చిరాలేదు. బోర్డులు రాసే పనిలో చేరిన తొలి ఏడాదే ఆయన ఒక మందుల షాపుకి రాసిన బోర్డులో ఒత్తు ఒకటి తగ్గింది. తగ్గిన ఒత్తు ఎక్కడికీ పోలేదు, వారం తిరక్కుండా పళ్ళ డాక్టరు బోర్డులో ప్రత్యక్షమైంది. డాక్టరు పెద్దమనిషి కనక పల్లెత్తు మాట అనకుండా, ఆ బోర్డుతో పాటు ఒకటో తరగతి వాచకం కూడా చేతికిచ్చి పంపించాడు. ఇంటికొస్తూ దారిలోనే బాబాయి తన జీవితానికి సంబంధించిన మహా నిర్ణయం తీసుకున్నాడు. ఇకమీదట అంకెలు తప్ప మరొకటి రాయకూడదు. అంకెలకి ఒత్తులుండవు, దీర్ఘాలుండవు. పైగా ఉన్నవి పదే.

ఆ పదింటినీ ముప్ఫై ఏళ్ళు రాశాడు. ఆసుపత్రి మంచాలకి, బస్సులకి, సినిమా హాలు కుర్చీలకి, అపార్టుమెంటు తలుపులకి. మా ఊళ్ళో సగం జనాభా ఆయన రాసిన ఏదో ఒక అంకె వెనకాల నిద్రపోతుంది. స్టెన్సిలు ముట్టుకోడు, స్కేలు పెట్టడు. ఆయన రాసిన ఏడు చూస్తే ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరికోసమో ఎదురుచూస్తున్న మనిషిలా ఉంటుంది. అంకె తప్పు రాశాడన్న అపవాదు మాత్రం ఈ ముప్ఫై ఏళ్ళలో రాలేదు.

అలాంటి మనిషి కోసమే అన్నట్టు మా మెయిన్ రోడ్డు మీద టోల్ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. మీద అంటే నిజంగా మీదే. నేల మీద రోడ్డు వెయ్యడం రాని వాళ్ళు గాల్లో ఏం వేస్తారని సెలూన్‌లో తీర్మానం జరిగింది గానీ, దాని ప్రతి పైకి అందినట్టు లేదు. ముందు రేకులు వచ్చాయి, తర్వాత గోతులు, ఆ తర్వాత గోతుల్లో నీళ్ళు. మూడో ఏడు ఒక పొద్దున లేచి చూసేసరికి సెలూన్ ఎదురుగా పిల్లరు ఒకటి నిలబడి ఉంది. అక్కణ్ణుంచి వరసగా లేచాయి. మొత్తం ఏడేళ్ళు పట్టింది. అందులో ఆఖరి రెండేళ్ళూ పిల్లర్ల మీద నంబర్లు ఉన్నాయి, ఆ నంబర్లు రాసింది బాబాయి.

ఆ నంబర్లు వచ్చాక మా బతుకులకి ఒక తీరూ తెన్నూ ఏర్పడ్డాయి. అంతకుముందు ఇంటికి రమ్మంటే పావుగంట చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ‘నూట పదిహేడు’ అంటే చాలు. సెలూన్ మామయ్య తొంభై నాలుగు. క్లినిక్కు నూట ఇరవై. తొంభై ఆరు దగ్గర పరిచయమైన ఒక జంట మాట్లాడుకుంటూ నూట రెండు దాకా నడిచి, ఆర్నెల్లు తిరక్కుండా నూట ఎనిమిది దగ్గర ఇల్లు అద్దెకి తీసుకుంది. బాబాయి భార్య, అంటే మా అందరికీ పిన్ని, దర్జీ షాపు నడుపుతుంది. ఆవిడ రెండు వేల సంచుల మీద ‘నూట నలభై ఆరో పిల్లరు ఎదురుగా’ అని అచ్చు వేయించింది. అక్షరాలున్న పని కాబట్టి భర్తకి ఇవ్వలేదు.

ప్రారంభోత్సవం ఇంక నాలుగు రోజులుందనగా కంపెనీ ఆఫీసు నుంచి బాబాయికి పిలుపొచ్చింది. పని పూర్తయిందని సంతకం పెట్టాల్సిన ఇంజనీరు మేడం చివరి పిల్లరు దాకా వెళ్ళి చూసింది. దాని మీద 212 అని ఉంది. డ్రాయింగులో మాత్రం పిల్లర్లు 211.

“ఏమంటారు బాబాయిగారూ?” అంది మేడం. మా ఊరందరిలాగే ఆవిడ కూడా ఆయన్ని అలాగే పిలుస్తుంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. “మేడం, నా అంకె తప్పదండీ. బస్సు దారి తప్పొచ్చు గానీ బస్సు మీద నేను రాసిన నంబరు తప్పదు. కాగితమే ఒకసారి చూసుకోమనండి.”

గదిలో మూల కుర్చీలో డ్రాయింగు సెక్షను పెద్దాయన కూర్చుని ఉన్నాడు. రిటైర్మెంటుకి ఇరవై రోజులుంది. “నేను ఉన్నవే గీశానమ్మా,” అన్నాడు. “లేని పిల్లరుని ఎక్కణ్ణుంచి తెచ్చి గియ్యను?”

“లేనిది కాదండీ, ఉన్నదాన్నే వదిలేశారేమో అని,” అంది మేడం మర్యాదగానే.

వెళ్ళి లెక్కపెట్టి వస్తే తేలిపోయేదే. ఆ ఆలోచన ఎవరికీ రాకపోవడానికి కారణం ఒక్కటే, అంకెల బాబాయి అంకెని అనుమానించడం మా ఊళ్ళో మర్యాద కాదు. కాబట్టి గీసిన కాగితం మీదే అనుమానం నిలిచింది, పెద్దాయన చేతికి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, నోటీసు చదివి, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు.

బాబాయి విజయగర్వంతో బయటికొచ్చి, బస్సెక్కకుండా నడిచే వెళ్దామనుకున్నాడు. తన అంకెల్ని తాను చూసుకుంటూ నడవడం ఆయనకి సరదా. అరవై రెండు బావుంది. అరవై ఎనిమిది ఇంకా బావుంది. డెబ్బై తొమ్మిది దగ్గర నాలుగు రోడ్ల కూడలి. అక్కడ మధ్యలో పిల్లరు వేస్తే బస్సులు తిరగలేవని, రోడ్డుకి అటొక కాలు ఇటొక కాలు వేసి పైన అడ్డంగా దూలం పెట్టారు. బాబాయి ఎడమ కాలి మీద నంబరు చూసి మెచ్చుకుని, కూడలి దాటి, తర్వాతి పిల్లరు వైపు తలెత్తాడు.

ఎనభై ఒకటి.

వెనక్కి వెళ్ళాడు. డెబ్బై తొమ్మిది. ముందుకొచ్చాడు. ఎనభై ఒకటి. మూడోసారి వెనక్కి వెళ్ళేసరికి ట్రాఫిక్ పోలీసు, “ఏం పెద్దాయనా, రోడ్డు దాటాలా వద్దా?” అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది. బాబాయి పద్ధతి ఏమిటంటే, ఒకే అంకెని వరసగా రాసుకుంటూ పోతాడు. చెయ్యి ఒక అంకెకి అలవాటు పడితే పది పిల్లర్లూ అయ్యేదాకా అదే. ఒక రోజు పదుల అంకెలు, మర్నాడు వాటి పక్కన ఒకట్ల అంకెలు. ఎనిమిదులు రాసే రోజున తొమ్మిదో ఎనిమిది మీద ఉండగా ఫోనొచ్చింది, కూతురికి ఆడపిల్ల పుట్టిందని. నిచ్చెన మీంచి దిగి, క్రేను నడిపేవాళ్ళకీ కాంక్రీటు పోసేవాళ్ళకీ దారిన పోయేవాళ్ళకీ బిస్కెట్లు పంచి, తాతగారి హోదాలో మళ్ళీ నిచ్చెనెక్కి, పది ఎనిమిదులూ అయిపోయాయన్న నమ్మకంతో తొమ్మిదులు మొదలుపెట్టాడు. మర్నాడు ఎండ కళ్ళల్లో పడుతోందని తొంభై తొమ్మిది నుంచి వెనక్కి రాసుకుంటూ వచ్చాడు. ఎనభై ఒకటి దగ్గర ఎనిమిదులు అయిపోయాయి. అయిపోయాయి కాబట్టి దిగిపోయాడు. ఈ లోకంలోకి మనవరాలు వచ్చింది, ఎనభై రాలేదు.

షాపులో పిన్ని మిషను తొక్కుతోంది. బాబాయి కూలబడ్డ తీరు చూసి పెడలు ఆపింది.

“ఏమైంది? మొహం అలా పెట్టారేంటి?”

ఆయన చెప్పాడు. పిన్ని అంతా విని, ముందు నవ్వింది. తర్వాత సంచుల కట్టల వైపు చూసి నవ్వు ఆపేసింది.

“అంటే మనది నూట నలభై ఆరు కాదా?”

“నూట నలభై అయిదు.”

“అయ్యో రామా. రెండు వేల సంచులండీ!”

“సంచుల మాట వదిలెయ్యవే. నూట ముప్ఫై రెండు పిల్లర్లు. మళ్ళీ రాయాలి. రాయడం నాకు కష్టం కాదు. క్లినిక్కుకి ఎక్కడికెళ్ళాలో జనానికి తెలీదు. సెలూన్ మామయ్య నన్ను బతకనివ్వడు. ముప్ఫై ఏళ్ళ పేరు...”

“మీ పేరు సరే. నోరు మూసుకుని కూర్చుంటే ఏమవుతుంది?”

“ఆ పెద్దాయన మీదికి పోతుంది.”

“ఆయన మొహం చూసే వచ్చారు కదా?”

“చూశాను. కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాడు.”

“మరింకేం, రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేసి రండి,” అంది పిన్ని, మళ్ళీ మిషను ముందుకి వంగుతూ. కాస్సేపు ప్యాంటు కుట్టింది. ఉన్నట్టుండి, “ఏవండీ, ఆ డెబ్బై తొమ్మిదికి రెండు కాళ్ళన్నారు కదూ?” అంది.

“ఆఁ. అయితే?”

“రెండో కాలి మీద ఏం రాశారు?”

“ఏం రాస్తాను? రెండూ కలిపి ఒకటే పిల్లరు.”

పిన్ని చేతిలో ప్యాంటు ఎత్తి చూపించింది. “ఇదీ ఒకటే. కానీ నేను కొలత రాసుకునేటప్పుడు ఎడమ కాలు వేరే, కుడి కాలు వేరే రాసుకుంటాను. కస్టమర్లలో కాళ్ళు సమానంగా ఉన్నవాడు ఇంతవరకూ తగల్లేదు. మీ పిల్లరుకి మాత్రం ఒక కాలికే కొలత రాసి వదిలేశారు.”

బాబాయి ప్యాంటు వైపు చూశాడు. పిన్ని వైపు చూశాడు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆవిణ్ణి అంత భక్తిగా చూడటం అదే మొదలని పక్క షాపు వాళ్ళు చెబుతారు.

మర్నాడు ఆఫీసు తలుపు తెరిచేసరికి గుమ్మంలో బాబాయి ఉన్నాడు. మేడం కుర్చీలో కూర్చోకముందే మొత్తం చెప్పేశాడు. ఫోను, మనవరాలు, బిస్కెట్లు, ఏదీ దాచలేదు. “తప్పు నాది మేడం. పెద్దాయన గీసింది గీసినట్టే ఉంది. ఆ నోటీసు నాకిప్పించండి.”

మేడం గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. “ఇంక మూడు రోజులుంది బాబాయిగారూ. నూట ముప్ఫై రెండు పిల్లర్లు ఎలా తిరగరాస్తారు?”

“తిరగరాయక్కర్లేదేమో అండీ. కూడలి దగ్గర రెండో కాలు ఖాళీగా ఉంది. దాని మీద ఎనభై రాస్తే...”

మేడం కబురు పెడితే పెద్దాయన డ్రాయింగు పట్టుకొచ్చాడు. ముగ్గురూ బల్ల మీదికి వంగారు. పిల్లర్లుగా లెక్కేస్తే 211. నేలని తాకే కాళ్ళుగా లెక్కేస్తే 212.

“నేను రెండు కాళ్ళూ గీశానమ్మా,” అన్నాడు పెద్దాయన, మొదటిసారి గొంతు పెంచి. “చూడండి, రెండూ గీశాను!”

“ఎవరిదీ ఆలోచన?” అంది మేడం.

“మా ఆవిడదండీ.”

“ఆవిడ కూడా ఇంజనీరేనా?”

“దర్జీ.”

మేడం నోటీసుని నాలుగు మడతలు పెట్టి చింపి బుట్టలో వేసింది. చింపేటప్పుడు మడత సూటిగా రావడానికి పెద్దాయన తన స్కేలు అందించాడు.

ఆ మధ్యాహ్నం కూడలిలో జరిగిన కార్యక్రమానికి ఆహ్వానాలు పంపలేదు గానీ వీధంతా హాజరైంది. తన చిరునామా మారుతుందేమోనని దుకాణం మూసుకుని మరీ వచ్చిన సెలూన్ మామయ్య, మారదని తెలిశాక కూడా తిట్టడానికి సిద్ధపరుచుకున్న మాటలు వృథా కానివ్వలేదు.

“మనవరాలికే ఒక అంకె మింగేశావ్, మనవడు పుడితే రోడ్డే మింగేస్తావేమో బావా!”

“నువ్వు గీసే గడ్డాల్లో ఎన్ని వెంట్రుకలు మిగిలిపోతున్నాయో నేనెప్పుడైనా అడిగానా?” అన్నాడు బాబాయి నిచ్చెన మీంచి.

కింద నిచ్చెన పట్టుకున్న పిన్ని, “మాటలాపి చెయ్యి చూసుకోండి, పై చుట్టు చిన్నదైంది,” అంది.

“ఎనిమిదికి పై చుట్టు చిన్నగానే ఉండాలే.”

“నడుం బిగుతైపోయింది. కాస్త వదులు చెయ్యండి.”

వదులు చేశాడు. పక్కన సున్నా పెట్టి దిగేసరికి చప్పట్లు మోగాయి. ట్రాఫిక్ పోలీసు నాలుగు వైపులా బండ్లు ఆపి మరీ కొట్టాడు. ఆ సాయంత్రమే మేడం సంతకం పెట్టేసింది.

ప్రారంభం రోజున దండలూ ఉపన్యాసాలూ అయ్యాక, పని చేసినవాళ్ళందర్నీ కంపెనీ బస్సులో ఎక్స్‌ప్రెస్‌వే మీదికి తీసుకెళ్ళారు. ముందు సీట్లో డ్రాయింగు పెద్దాయన, తానే బస్సు నడుపుతున్నంత హుందాగా కూర్చున్నాడు. కిటికీ పక్కన పిన్ని, ఆవిడ పక్కన బాబాయి. టోల్ గేటు కర్ర లేచింది, బస్సు పైకెక్కింది. ఏడేళ్ళుగా కింద నుంచి చూసినదాన్ని మొదటిసారి పై నుంచి చూశారు. మేడల మధ్య చెట్ల తలలు, మేడల మీద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, పావురాల గూళ్ళు, చెప్పులు లేకుండా పిట్టగోడ మీద కూర్చుని చెయ్యూపుతున్న ఒక ముసలాయన. ఊరు ఇంత పచ్చగా ఉంటుందని ఎవరికీ తెలీదు.

చిక్కల్లా ఒక్కటే. పైన నంబర్లు లేవు. ఎక్కడున్నారో బస్సులో ఒక్కరికీ అంతుపట్టలేదు.

“కంగారు పడకండి,” అన్నాడు బాబాయి. ప్రతి పిల్లరు మీదా రోడ్డు ముక్కలు కలిసే చోట బస్సు చిన్నగా ‘టక్’ మంటోంది. “ఒక్కో టక్కుకి ఒక్కో పిల్లరు. లెక్కపెడుతూ వస్తున్నా. షాపు రాగానే చెబుతా.” అని కళ్ళు మూసుకుని వేళ్ళు ముడుస్తూ తీవ్రంగా లెక్కపెట్టాడు. అంకెల బాబాయి లెక్క కాబట్టి బస్సంతా గౌరవంగా నిశ్శబ్దం పాటించింది. నూట నలభై నాలుగు. నూట నలభై అయిదు.

“నూట నలభై ఆరు! అదిగో మన షాపు!” అని కళ్ళు తెరిచి కిటికీలోంచి చెయ్యి చూపించాడు.

అక్కడ టైర్ల దుకాణం ఉంది.

“మన షాపు ఇందాకే దాటిపోయింది,” అంది పిన్ని తాపీగా. “కూడలి దగ్గర కాళ్ళు రెండైనా, బస్సు అన్నది ఒక్క టక్కే కదండీ.”

బాబాయి చేతివేళ్ళ వైపు చూసుకుని, ముడిచిన వేలొకటి మెల్లగా విప్పాడు. బస్సులో ముందు పెద్దాయన నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. అందరికంటే ఆఖరున మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు బాబాయే నవ్వాడు.

“మరి దాటుతున్నప్పుడు చెప్పలేదేమే?”

“చెబుదామనే అనుకున్నా. మీరంత శ్రద్ధగా లెక్కపెడుతుంటే ముద్దుగా ఉంటేనూ... వచ్చేటప్పుడు చూద్దురుగాని లెండి. ఈసారి కళ్ళు తెరుచుకుని.”