పది లెక్కపెట్టేలోపు లేచే నక్క

మా పక్క క్వార్టర్ అన్నయ్యగారు మొన్న మంగళవారం పోయారు. సెక్టర్ 7లో ముప్పై ఏళ్ళుగా గోడకవతల ఉన్న మనిషి. పోయాక అందరూ మంచివారే. ఆయన బతికుండగానే కాస్త మంచివారు. ఆయన పడిపోయినప్పుడు నేను నవ్వాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది రాయగలను.

స్టీల్ ప్లాంటులో సేఫ్టీ డ్యూటీ చేసి రిటైరయ్యారు. హెల్మెట్ పట్టీ బిగించుకోనివాణ్ణి ఉన్నపళాన వెనక్కి తిప్పి పంపేవారట. రిటైరయ్యాక తిప్పడానికి ఎవరూ దొరక్క, రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి నా మనవరాలితో బొమ్మల సినిమా చూసేవారు. ఏడు నిమిషాల బొమ్మ. నక్క కోడిని తరుముతుంది. కోడి చిక్కదు. నక్క కొండ మీంచి పడుతుంది, దాని మీద బండ పడుతుంది, అప్పడంలా అయిపోతుంది. ముందు రెండు చెవులు లేస్తాయి, తర్వాత నక్క లేస్తుంది.

"హెల్మెట్ లేదు, బెల్టు లేదు, కొండెక్కీసినాడు. ఈడికి గేట్ పాస్ ఎవుడిచ్చినాడు?" అని రోజూ తిట్టేవారు.

"రోజూ అదే నక్క కదా అన్నయ్యగారూ, రేపేమైనా కోడి దొరుకుతుందనా?" అన్నానొకసారి.

"కోడి ఎవుడిక్కావాలి చెల్లెమ్మా! పడ్డోడు లెగడం సూడ్డానికొస్తన్నాను."

పడ్డవాళ్ళందరూ లేవని చోట ఆయన ఉద్యోగం చేశారని అప్పుడు గుర్తొచ్చింది. షుగరున్న మనిషని తెలిసీ టీలో ఇంకో చెంచా పంచదార వేశాను.

బొమ్మ అయ్యాక ఆట. ఆయన నక్క, పిల్ల కోడి. తెలుగుకన్నా హిందీ బాగా వచ్చిన కోడి. "పకడో తాతా!" అంటూ వరండాలోకి పరిగెత్తేది. "ఆగే గుంటా!" అని ఈయన రెండడుగులు వేసి గుమ్మం దగ్గర దభీమని పడేవారు. డెబ్బై దాటినా పడడం కూడా పద్ధతి ప్రకారమే: ముందు మోకాలు, తర్వాత మోచెయ్యి, తల తగలకుండా. పిల్ల పది దాకా లెక్కపెట్టేది. పదికి ఆయన రెండు వేళ్ళు నెత్తి మీద చెవుల్లా లేచేవి.

మంగళవారం కూడా పడ్డారు. నేను టీ పట్టుకుని వచ్చేసరికి పిల్ల లెక్క మొదలెట్టేసింది. నవ్వుతూ నిలబడ్డాను. "దస్" అయిపోయింది. వేళ్ళు లేవలేదు.

"తాత చీటింగ్ కర్ రహే హై నానమ్మా," అని మళ్ళీ ఏక్ నుంచి మొదలెట్టింది.

ఎమ్మే చదివి, ఊళ్ళో పిల్లలందరికీ పాఠాలు చెప్పినదాన్ని, ఆ రెండో పది కూడా అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. అప్పుడు చూశాను. మోచెయ్యి ముందుకు రాలేదు. నుదురు నేరుగా గచ్చుకి ఆని ఉంది.

పడకముందే గుండె ఆగిపోయిందనీ, ఆ కాస్త ఆలస్యం వల్ల తేడా ఏమీ లేదనీ డాక్టరన్నాడు. నిజమో, ముసలిదానికి చెప్పిన ఓదార్పో. అడిగి తెలుసుకుని ఏం చెయ్యను?

నిన్న సాయంత్రం పిల్ల మళ్ళీ ఆ బొమ్మే పెట్టింది. నక్క పడింది. బండ పడింది. చెవులు లేవబోయే ముందు పిల్ల రిమోట్ నొక్కి ఆపేసింది.

"ఏమైందే?"

"పహలే తాత," అంది. ముందు తాత లేవాలట.

తెర మీద నక్క అప్పడంలా అతుక్కుని ఉంది. ఇద్దరం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం.