హరిలాల్ బండి సైలెన్సర్ వేడి

1979 వానాకాలం. బాన్సువాడలో బోధన్ వెళ్లే రోడ్డు మీద నాకు మోటార్ సైకిల్ స్పేర్ పార్టుల దుకాణం, దాన్ని ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేవి. షెడ్డులో రిపేర్లు యూసుఫ్ మేస్త్రీవి. దుకాణం, కస్టమర్లతో తగాదాలు నావి. బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివిన ఆడది ప్లగ్గులూ కేబుళ్లూ అమ్ముకోవడమేమిటని ఎవరైనా అంటే, ఫిజిక్స్ ఇంతకంటే బాగా ఎక్కడ పనికొస్తుందో చెప్పమనేదాన్ని. మీ ఆయనేడని అడిగితే, ఆయన గుంటూరులో క్షేమం, నేనిక్కడ క్షేమం, మధ్యలో కృష్ణ పారుతోంది అనేదాన్ని. ఆ తరవాత వాళ్లిక ఏమీ అడిగేవారు కాదు. బాధ కూడా అదే. షట్టర్ దించాక వెనక గదిలో రేడియో ఒక్కటే నాతో మాట్లాడేది.

హరిలాల్ నస్రుల్లాబాద్ అవతలి తండావాడు. ఇంటర్ చదివి, ఒక విత్తనాల కంపెనీలో ఏజెంటుగా చేరాడు. ఇటు కోటగిరి, అటు దెగ్లూరు దాటి నాందేడ్ దాకా మోటార్ సైకిల్ మీదే టూర్లు. వాళ్ల తండాలో నెలజీతం మొదట చూసినవాడు అతనే. బండి లేకపోతే ఆ ఉద్యోగం లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు సైలెన్సర్ గొట్టానికి తడి గోనెసంచి చుట్టి ఉంది. సంచి ఎండి, అంచు రాజుకుని పొగ వస్తోంది.

"ఏమిటయ్యా ఇది? బండా, పొగ పెట్టిన కుంపటా?" అన్నాను.

"ఏం జెయ్యాలె అక్కా, గొట్టం మస్తు కాలుతున్నది. ప్యాంట్లన్నీ ఖరాబైతున్నయ్. గీ కాలు జూడు."

కుడి పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చలు, పాతవీ కొత్తవీ.

బండి సైలెన్సర్ అతిగా కాలితే చూడవలసినవి కొన్ని ఉంటాయి. కార్బ్యురేటర్‌లో మెయిన్ జెట్ అని సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క ఉంటుంది. పెట్రోలు దాంట్లోంచే వెళ్తుంది. మైలేజీ పెరుగుతుందని బాన్సువాడలో అందరూ కంపెనీ ఇచ్చినదానికంటే సన్నది వేయించుకునేవారు. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే మంట వేడెక్కుతుంది. హరిలాల్ కూడా అదే చేయించాడు. ఇక ఇంజన్ చుట్టూ ఉండే రెక్కలు, అంటే ఫిన్స్, కాలువ గట్ల బురదతో పూడిపోయాయి. గాలి తగిలితేనే కదా ఇంజన్ చల్లబడేది. యూసుఫ్ బురద గీకి, అసలు జెట్ బిగించి, సైలెన్సర్ లోపలి మసి కాల్చి దులిపాడు. నేను హీట్ షీల్డ్ చేయించాను. గొట్టానికి తగలకుండా వేలెడు సందు వదిలి బిగించే రేకు అది. ఆ సందులో ఆడే గాలే అసలు రక్షణ.

"మైలేజీ పడిపోతది గదక్కా," అన్నాడు హరిలాల్.

"పడనీ. కాలు కంటే లీటరు ఎక్కువా?"

మళ్లీ వచ్చాడు. షీల్డ్‌కు పైన గొట్టం వంపు తగిలే చోట, పిక్క మీద కొత్త కాలుడు. నాకు కోపం వచ్చింది. నా పని తప్పైందని ఒప్పుకోవడం కంటే నాకు కష్టమైనది లేదు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, ఆ బండి నేనే కోటగిరి దాకా తోలి వచ్చాను. దారిలో నాట్లేసే ఆడవాళ్లు నడుములెత్తి మరీ చూశారు. గొట్టం మిగతా బళ్ల గొట్టాలంత వేడిగానే ఉంది.

"మేడం, గీ బండికి బీమారీ లేదు," అన్నాడు యూసుఫ్. "తోలేటోడికి సోయి లేదు."

ఒంటి మీద తెలివి లేదని వేళాకోళంగానే అన్నాడు. నేనూ నవ్వాను.

మూడోసారి హరిలాల్ నాందేడ్ నుంచి తిన్నగా వచ్చాడు. బండి దిగి, దాని పక్కనే నిలబడి నాతో వాదనకు దిగాడు.

"అక్కా, నువ్వు జేసింది షీల్డ్ గాదు, షో. నీ సదువుకు నా ప్యాంట్లు బలైతున్నయ్..."

ఏదో కమురు వాసన వచ్చింది. చూస్తే అతని పిక్క గొట్టానికి ఆని ఉంది. ప్యాంటు గుడ్డ నల్లబడి పొగ లేస్తోంది. అతను మాత్రం చేతులు తిప్పుతూ ఇంకా మాట్లాడుతున్నాడు.

"కాలు! హరీ, కాలు తియ్!" అని అరిచాను.

కిందికి చూశాడు. తీరిగ్గా కాలు తీసి, గెలిచినవాడిలా నవ్వాడు. "గిదే అక్కా నేను జెప్పేది! ఎంత కాలుతున్నదో నీ కండ్లతోని జూసినవ్ గదా!"

అతని లెక్క అప్పుడు అర్థమైంది. సాయంత్రం ఇంటికెళ్లి చూసుకుంటే పుండు. ఎప్పుడు కాలిందో తెలియదు. తెలియకుండానే కాల్చిందంటే గొట్టం ఎంత వేడిగా ఉండాలి, అనుకున్నాడు పాపం. చదువుకున్నవాడు, లెక్క తప్పలేదు. మొదలుపెట్టిన చోటే తప్పు.

లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. కళ్లు మూసుకోమని, పిక్క మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించాను.

"ఏం తగులుతోంది?"

"ఇంకా ఏం బెట్టలేవు గదా?"

మరికాస్త నొక్కాను. "ఇప్పుడు?"

"మజాక్ జేస్తున్నవా అక్కా?"

కళ్లు తెరిచి చూసుకున్నాడు. ముఖంలోని నవ్వు అట్లాగే ఉండిపోయింది, తీయడం మరిచినట్టు. "గది... పెద్దరోగమా?" అన్నాడు.

"నేను డాక్టర్నా? పద దవాఖానకు," అన్నాను.

"ఎవ్వరికన్న ఎర్కైతే తండల ఉండనియ్యరక్కా. నౌకరీ పోతది. నా పెండ్లాంను వాళ్లన్న తోల్కపోతడు."

మర్నాడు యూసుఫ్‌కు దుకాణం అప్పగించి హరిలాల్‌ను కుష్టు దవాఖానకు తీసుకెళ్లాను. రోగులతో పాటు బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ ఎవరితో వచ్చావని ఎవరూ అడగలేదు. అందరూ ఒంటరిగానే వచ్చారు. డాక్టరు దూదితో, సూదితో పరీక్షించాడు. తొలిదశ, ఇంకొకరికి అంటేది కాదు, మాత్రలతో నయమవుతుంది అన్నాడు. అయితే రోజూ వేసుకోవాలి, ఏళ్ల తరబడి. పోయిన స్పర్శ రాకపోవచ్చు, కాబట్టి కాలిని కళ్లతో కాపాడుకోవాలి.

ఇంట్లో మాత్రలు పెట్టుకోవడం కుదరదన్నాడు హరిలాల్. అందుకని డబ్బా నా దగ్గర ఉంచాను. ప్రతి శనివారం వారానికి సరిపడా మాత్రలు ఖాళీ ప్లగ్గు పెట్టెలో పోసి ఇచ్చేదాన్ని. అది బండి టూల్ బాక్సులో పెట్టుకునేవాడు. నేను పాదాలు, పిక్కలు పరీక్షగా చూసేదాన్ని. పుండుంటే కట్టు కట్టేదాన్ని. వారం వారం ఎందుకొస్తున్నావంటే ఏం చెప్పాలి? సైలెన్సర్ ఇంకా కాలుతోంది, అక్క చూస్తోంది అని చెప్పేవాడు.

అతని రహస్యం దాగింది. నా పేరు పోయింది. ఇక్కడికొచ్చి కాలువ కింద వ్యవసాయం చేసే మా గుంటూరు వైపు సుబ్బయ్య బాబాయి ఒకరోజు నలుగురి ముందు అన్నాడు: "ఏమ్మాయ్, అంత కాలేజీ చదువు చదివి ఒక్క గొట్టం చల్లార్చలేకపోయావే!"

ఒకటంటే రెండు అనేదాన్ని. ఆ రోజు కేబుల్ చుట్ట విప్పుతూ ఊరుకున్నాను. కస్టమర్లు కొంతమంది వేరే షెడ్డుకు మారారు. యూసుఫ్‌కు విషయం తెలుసో తెలియదో, ఎప్పుడూ అడగలేదు. శనివారాలు మాత్రం హరిలాల్ రాగానే తను టీకి వెళ్లిపోయేవాడు.

ఒక్క మాట దాచను. ఆ శనివారాల కోసం నేను ఎదురుచూసేదాన్ని. దెగ్లూరు రైతుల మరాఠీ మాటలు, నాందేడ్ లాడ్జీల్లో నల్లుల గోల, కొత్తగా పుట్టిన కూతురి ఏడుపు, అన్నీ చెప్పేవాడు. వారం మొత్తానికి నాతో సరుకు అడగడానికి కాక మాట్లాడే మనిషి అతనొక్కడే.

కొన్నేళ్లకు డాక్టరు ఇక మందులు చాలన్నాడు. ఆ తరవాతి శనివారం హరిలాల్ రాలేదు. ఆపై శనివారమూ రాలేదు. బండి బోధన్‌లో బాగు చేయించుకుంటున్నాడని యూసుఫ్ చెప్పాడు. కనపడితే అనాలని చాలా మాటలు కూర్చుకున్నాను. తరవాత ఆలోచిస్తే, అతను చేసింది సబబే అనిపించింది. నన్ను చూస్తే అతనికి ఆ రోగమే గుర్తొస్తుంది కదా.

ఈ పనిలో నాకు మిగిలింది ఇది. వేడి అంటూ వచ్చినవాడి గొట్టం మీద చెయ్యి పెట్టే ముందు, కాలు చూపించమంటాను. కాలినప్పుడు తెలిసిందా అని అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. విసుక్కోనీ. అట్లా మరొకరిని దవాఖానకు పంపాను కూడా.

ఆ మధ్య కోటగిరి పెట్రోలు బంకులో హరిలాల్ ఎదురయ్యాడు. వెనక భార్య, ముందు ట్యాంకు మీద కూతురు. అతను తల తిప్పుకోబోయాడు. అంతలోనే భార్య నన్ను గుర్తుపట్టింది.

"బాన్సువాడ దుకాణం అక్కవు నువ్వే గదా? మా ఆయన బండి ఏండ్లకేండ్లు తిప్పిచ్చుకున్నవ్. బోధనోడు ఒక్కనాడే బాగు జేసిండు, ఎర్కేనా?"

హరిలాల్ నా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం తప్ప ఏమీ లేదు.

"అవునమ్మా, ఆ గొట్టం నాకు లొంగలేదు," అన్నాను. "బోధన్ మేస్త్రీ గట్టివాడు."

వాళ్లు వెళ్లిపోయారు. నేను ఇంటికొచ్చి, ఒక్కదానికి ఎసరు పెట్టుకుని, ఆమెకు చెప్పగలిగిన జవాబులన్నీ తలుచుకున్నాను. పదునైనవి చాలానే తట్టాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు.