పదకొండు ఫోన్ల ల్యాంప్ రూం

చాయ్ తాగుకుంట వినుండ్రి గాని, మధ్యల నవ్వద్దు. నవ్వితే ఆడికే ఆపేస్త. మొన్న ఆదివారం మా ఇంట్ల రికార్డింగ్ ఖరాబైందని విన్నరు గదా? ఖరాబ్ చేసింది ఎవరనుకున్నరు? ఇగో, మీ ముంగట కూసొని బిస్కెట్ ముంచుకుంటున్న ఈ పెద్దమనిషే!

నా సంగతి మీకు ఎర్కనే. బొగ్గు బాయిల మైనింగ్ సర్దార్‌ను, ఇరవై రెండేండ్ల సర్వీసు. బాయి దిగేటోళ్ల జేబులల్ల బీడీలు, లైటర్లు, ఫోన్లు ఉన్నయా అని తడిమి చూసుడు, లోపల గ్యాస్ ఉన్నదా లేదా చూసుడు నా పని. ఇంటికొస్తె పాటల పిచ్చి. క్వార్టర్ల లోపలి అర్రకు నాలుగు దిక్కుల బొంతలు కట్టి, ఒక మైకు, ఒక మిక్సర్, ఒక కంప్యూటర్ పెట్టిన. మా ఆవిడ గ్రేస్ దాన్ని బొంతల గోదాం అంటది. నేనైతే స్టుడియో అంట.

ఇగ అసలు ముచ్చట. మా అత్తమ్మ మరియమ్మకు గొంతుల గడ్డ ఉన్నదని దవాఖానల చెప్పిండ్రు. గురువారం నాడు ఆపరేషన్. "పెద్ద ఫికర్ లేదు గాని, తర్వాత గొంతు జెర మారొచ్చు, ముందే చెప్తున్న" అన్నడు డాక్టర్. ఆమెకు ఒక పాటున్నది. మామ బతికున్నప్పుడు నైట్ షిఫ్టుకు పోతే, తెల్లారి ఆయన సైకిల్ చప్పుడు ఇనపడేదాక పిల్లలను పక్కల ఏసుకొని పాడుకునేదట. తనే కట్టుకున్నది. ఎక్కడ రాసి లేదు, ఇంకొకరికి రాదు. "గొంతు మంచిగున్నప్పుడే పట్టి పెట్టయ్యా" అన్నది గ్రేస్. అనుకుంటనే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది.

డాక్టర్ గొంతు అలిసిపోవద్దన్నడు గనుక, అత్తమ్మ ముందే లెక్క చెప్పింది. "మూడుసార్లు పాడుత అల్లుడా. నాలుగోసారి అడగకు."

మూడంటే ఎక్కువనే అనుకున్న నేను!

ఆదివారం పగటిపూట షురూ చేసినం. మా బామ్మర్ది సామ్యూల్ కీబోర్డు మీద, ఆయన భార్య సునీత ముందు అర్రల, గ్రేస్ అత్తమ్మ పక్కన నీళ్ల గ్లాసు పట్టుకొని. అత్తమ్మ కండ్లు మూసుకొని పాట ఎత్తుకున్నది. అబ్బ, ఏం గొంతు! రెండో చరణంకాడ హెడ్‌ఫోన్ల "టిగ్ టిగ్ టిగ్ టిగ్... బర్‌ర్‌ర్!"

"ఆపుండ్రి!" అని ఒర్లిన. చూస్తె సామ్యూల్ ఫోన్ కీబోర్డు మీదనే ఉన్నది, ఎవరో చేస్తుండ్రు. అప్పుడు సమజైంది నాకు, ఫోన్ సిగ్నల్ మైకు వైరుకు తాకుతుందని. అప్పటికి ఒక టేకు ఖతం.

అప్పుడన్న మామూలు మనిషి లెక్క "అందరు ఫోన్లు బంద్ చెయ్యుండ్రి" అంటే అయిపోతుండె. కాని నేను సర్దార్‌ను గదా! బాయి మీద ఎట్ల చేస్తమో గట్లనే చేద్దమనుకున్న. అర్ర తలుపుకాడ నిలబడ్డ. "చేతులు పైకి లేపుండ్రి. ఒక్కొక్కరు రావాలె."

"బావా, ఇది ఇల్లు," అన్నడు సామ్యూల్.

"చేతులు లేపు."

జేబు తడిమితే బీడీల కట్ట, లైటర్ బయట పడ్డయి. పోయిన క్రిస్మస్‌కే మానేసిన్నని సునీతకు చెప్పిండట పాపం. సునీత ఆయన దిక్కు చూసిందంతే. ఆ చూపుకు సామ్యూల్ కీబోర్డు కాడికి పోయినంక గూడ రెండు నిమిషాలు తప్పు స్వరమే కొట్టిండు.

అత్తమ్మదితోని కలిపి ఐదు ఫోన్లు జమ చేసిన. క్యారం కాయిన్ల మీద స్కెచ్ పెన్నుతోని నంబర్లేసి టోకెన్లిచ్చిన, బాయి మీద ల్యాంప్ రూంల టోపీ లైట్లకు ఇచ్చినట్టు. రూలంటే రూలే, ఒకటో నంబరు నాదే. ముందు అర్రల గోడకు అల్మారా ఉన్నది, తలుపుంటది, తాళం గూడ ఉంటది. అన్నీ సైలెంట్‌ల పెట్టించి, అండ్ల పెట్టి తాళమేసిన.

"స్విచాఫ్ చెయ్యాల్నా బావా?" అని అడిగిండు సామ్యూల్. చూడుండ్రి, అడిగిండు!

"బాయి మీద ఎవడన్న స్విచాఫ్ చేస్తడా? జమ చేస్తే అయిపాయె," అన్న నేను, మస్తు తెలిసినట్టు.

రెండో టేకు. మొదటి చరణంకే "టిగ్ టిగ్ టిగ్ బర్‌ర్‌ర్!" ఇంతకు ముందుకన్న ఎక్కువ! అత్తమ్మ సగంల ఆగి, నీళ్లు తాగి, ఒక్క వేలు చూపెట్టింది. ఒక్కటే మిగిలిందని.

గ్యాస్ ఎటునుంచి వస్తుందో వెతికినట్టే ఇల్లంతా వెతికిన. వైఫై డబ్బా ప్లగ్గు పీకిన. కంప్యూటర్ మౌస్‌కు వైరు లేదని దాన్ని గూడ పట్టుకపోయిన. సునీత చేతి గడియారం బ్లూటూత్‌ది, అదీ పాయె. గ్రేస్ చెవులల్ల పెట్టుకునే బుడ్డ ఇయర్‌ఫోన్లు పాయె. అన్నీ అల్మారాలకే.

అయినా చెక్ చేస్తె చప్పుడు పోతలేదు. ఇగ పక్కింటోళ్లవే అయ్యుంటయి అనుకున్న. మన క్వార్టర్లు వరుసగ ఉంటయి, ఇంటికి ఇంటికి మధ్యల ఒకటే గోడ గదా. ఇటుపక్క రాజన్న కాక ఇంటికి పోయిన.

"కాకా, ఒక్క అరగంట నీ ఫోన్ ఇయ్యి."

"ఎందుకు బిడ్డా? నీది పోయిందా?"

"అత్తమ్మ పాట పట్టాలె."

కాక మంచోడు. రెండు ఫోన్లిచ్చి, కాకమ్మది గూడ తెచ్చిచ్చిండు. అటుపక్క లక్ష్మక్క ఇంట్ల మూడు. అందరికి టోకెన్లు ఇచ్చిన. మొత్తం పదకొండు ఫోన్లు అల్మారాల పడ్డయి. ఇప్పుడు చూస్త, ఎట్ల వస్తదో చప్పుడు అనుకున్న.

సామ్యూల్ హెడ్‌ఫోన్లు పెట్టుకొని, "హలో, చెక్ చెక్" అన్నడు. వెంటనే తీసి కింద పడేసిండు.

"బావా! లోపల డ్రిల్లింగ్ మిషన్ నడుస్తుంది!"

నిజంగనే! టిగ్ టిగ్ ఎప్పుడో పోయింది, ఒక్కటే బర్‌ర్‌ర్ అని మోత. ఎంత జమ చేస్తె అంత పెరుగుతుంది! నాకైతే దిమాక్ పని చేస్తలేదు. అత్తమ్మ దిక్కు చూసే ధైర్యం లేదు. ఆమె కూసొని గొంతు మీద చెయ్యేసి మెల్లగ నిమురుకుంటుంది. ఈ పాట పట్టకుండనే ఆమె ఆపరేషన్‌కు పోతే, గ్రేస్ ముంగట నేను మొఖం ఎట్ల పెట్టుకోవాలె? అదే గుబులు.

గ్రేస్ అందరికి చాయ్ పోద్దామని లేచింది. "తాళపుచెవి ఇటియ్యి. కప్పులు గూడ అండ్లనే ఉన్నయి."

ఇచ్చిన. అల్మారా తెరిచింది. నన్ను దగ్గరికి పిలిచింది.

లోపల ఫోన్లన్నీ వెలుగుతున్నయి! ఒకటి ఆరితే ఇంకొకటి. ఎట్ల ఆగుతయి? ఎవరు ఎత్తుతలేరాయె. కాక బిడ్డ పదిసార్లు చేసింది, లక్ష్మక్క చెల్లె పన్నెండుసార్లు చేసింది. ఎత్తకపోతే ఏమైందోనని ఇంకా ఎక్కువ చేస్తుండ్రు.

అప్పుడు గ్రేస్ కప్పులు పక్కకు జరిపి, అల్మారా వెనుక గోడను వేలితోని టక్ టక్ మని కొట్టింది.

లోపలి అర్రలనుంచి సామ్యూల్ కేకేసిండు. "ఎవరు కొడుతుండ్రు? మిక్సర్ వెనుకనే వస్తుంది చప్పుడు!"

సమజైందా? అల్మారా వెనుక ఉన్నది నాలుగు అంగుళాల గోడ. గోడకు అటుదిక్కు నా టేబుల్. టేబుల్ మీద మిక్సర్, గోడకు ఆనుకొని మైకు వైరు! బాయిల ఏ గోడ అవతల ఏమున్నదో కండ్లు మూసుకొని చెప్తా. పన్నెండేండ్లు ఉన్న క్వార్టర్ల, నేనే బిగించిన టేబుల్, అది యాదికి లేదు నాకు! ఊరి ఫోన్లన్నీ బతిమిలాడి తెచ్చి, తాళమేసి, మైకు వైరు పక్కన పెట్టిన.

ముందుగాల నవ్వింది అత్తమ్మనే. కొంగు నోట్ల కుక్కుకొని, కండ్లెంట నీళ్లు కారంగ నవ్వింది.

"నవ్వకు అత్తమ్మా, గొంతు పోతది!" అంటున్న నేను.

"నువ్వు ఇంట్ల ఉంటె పోతది," అన్నది ఆమె. "ఆ ఫోన్లన్నీ తీసుకొని నువ్వు గూడ బయటికి పో."

"స్విచాఫ్ చేస్తె చాలు గదా..."

"పో అల్లుడా!"

పోయిన. ప్లాస్టిక్ బకెట్ల పదకొండు ఫోన్లు పోసుకొని, గల్లీ చివర నల్లా కాడ నిలబడ్డ. ఆదివారం ప్లేడే, అంటే డబుల్ జీతం డ్యూటీకి పోయేటోళ్లు బండ్లు ఆపుకుంట పోతుండ్రు. "ఏందన్నా, దుకాణం పెట్టినవా?" అని ఒకడు. "పాత ఫోన్‌కు ఏమిస్తవే?" అని ఇంకొకడు. మధ్యల కాక బిడ్డ ఫోన్ ఎత్తి, "మీ నాయిన మంచిగున్నడమ్మా, ఫోన్ నా బకెట్ల ఉన్నది" అని చెప్పిన. ఆమె ఏమనుకున్నదో ఏమో, టక్కున కట్ చేసింది.

నిజం చెప్పాలె, మనసు ఖరాబైంది. నా స్టుడియో, నా మైకు, మా అత్తమ్మ పాట. అండ్ల వినంది నేనొక్కణ్నే. సామ్యూల్ గడపకాడికొచ్చి, పాట అయిందని తువ్వాల ఊపిండు. ఉరికిన. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న. ఒక్క టిగ్గు లేదు! ఒట్టి గొంతు, శ్వాస తీసుకునుడు గూడ ఇనపడుతుంది. పాట అయినంక చివరన, "అయిందా బిడ్డా?" అన్న మాట గూడ పడ్డది. అది కోయలే నేను. ఎన్నటికి కొయ్యను.

ఫోన్లు బయటికి పోతే చప్పుడు పోయిందా, నేను బయటికి పోతే పోయిందా అనేది మాత్రం మా ఇంట్ల ఇంకా తేలలే.

గురువారం ఆపరేషన్ మంచిగనే అయింది. సాయంత్రం వార్డుల అత్తమ్మ కండ్లు తెరిచింది. గ్రేస్ చెయ్యి పట్టుకున్నది. అందరం ఆమె నోటి దిక్కే చూస్తున్నం. మాట ఎట్ల వస్తదో అని. ఆమె అందరిని చూసి, చివరికి నన్ను చూసింది. పెదవులు కదిలినయి. గొంతు జెర బొంగురుగ ఉన్నది గాని, అదే గొంతు.

"ఫోన్ బయట పెట్టినవా అల్లుడా?"

జేబుల చెయ్యి పెట్టుకున్న. ఉన్నది. నర్సమ్మతోని సహా అందరు నవ్వుతుంటె, నేను బయటికి నడిచిన.